మూత్రంలో మంటంటే వేడి చేసినట్టేనా?

"వేడి చేసిందండీ, అంతే." యూరిన్‌లో మంటతో వచ్చేవాళ్లలో చాలామంది ముందు అనే మాట ఇదే. అప్పటికే సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ అన్నీ అయిపోయి ఉంటాయి. వాటితో నష్టం లేదు, ఒంట్లోకి నీళ్లు పోతాయి కాబట్టి కాస్త హాయిగా కూడా ఉంటుంది, కానీ ఇన్ఫెక్షన్ ముదిరితే వాటితో తగ్గదు.

అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. మెడికల్ షాపులో అడిగి రెండు రోజులకు సరిపడా యాంటీబయాటిక్ తెచ్చుకుంటారు, మంట తగ్గగానే ఆపేస్తారు, మళ్లీ వస్తే మళ్లీ అదే మాత్ర. ఆ మధ్య బట్టల షోరూంలో పనిచేసే అమ్మాయి చలిజ్వరంతో, నడుము పట్టుకుని వచ్చింది. పొద్దున నింపుకున్న నీళ్ల సీసా సాయంత్రం కూడా బ్యాగులో సగానికి పైగా అలాగే ఉంది. తాగితే బాత్రూంకి వెళ్లాలి, కౌంటర్ వదిలితే ఊరుకోరు, అందుకని తాగదు, వచ్చినా ఆపుకుంటుంది. కల్చర్ (మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) చేయిస్తే అప్పటిదాకా వాడిన మాత్రకు లొంగని ఈ-కోలై బ్యాక్టీరియా! ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకింది, ఇంజెక్షన్ల కోసం అడ్మిట్ చేయాల్సి వచ్చింది. షుగర్ ఉన్న సంగతీ అప్పుడే బయటపడింది.

మంట మాటిమాటికీ వస్తుంటే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్‌కి శాంపిల్ ఇవ్వండి, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టండి. రిపోర్టుకు 2-3 రోజులు పడుతుంది, ఈలోగా డాక్టర్ రాసిన మందు వాడొచ్చు, రిపోర్టును బట్టి మారుస్తారు. షుగర్ టెస్టు కూడా చేయించండి. చలిజ్వరం, నడుంనొప్పి, వాంతులు ఉంటే మాత్రం ఆ రోజే వెళ్లాలి.

పబ్లిక్ టాయిలెట్‌లో అంటుకుందనేది మరో భయం. ఎక్కువసార్లు మన పేగుల్లో ఉండే బ్యాక్టీరియానే కారణం, ఆడవాళ్ల మూత్రనాళం 4 సెంటీమీటర్లే కాబట్టి సులువుగా లోపలికి చేరుతుంది. టాయిలెట్‌కి భయపడి గంటల తరబడి ఆపుకోవడమే చెరుపు. ఇంట్లో ఏమనుకుంటారోనని దాచే అమ్మాయిలూ ఉన్నారు. యూరిన్ ఇన్ఫెక్షన్ ఎవరి నడవడికకూ సాక్ష్యం కాదమ్మా, ధైర్యంగా చెప్పండి.

నెలసరి ఆగిపోయినవాళ్లలో బ్యాక్టీరియా లేకుండానే హార్మోన్ తగ్గి మంట రావచ్చు, దానికి యాంటీబయాటిక్ దండగ. ప్రోస్టేట్ పెరిగిన పెద్దాయనలు జలుబు మాత్రలు అడగకుండా వేసుకోవద్దు, కొన్నిటితో మూత్రం పూర్తిగా బిగుసుకుపోతుంది.

ఇక నొప్పి లేకుండా మూత్రంలో ఒక్కసారి రక్తం పడి ఆగిపోయినా అది కూడా వేడే అనుకోకండి. సిగరెట్ తాగేవాళ్లు మరీను, మూత్రాశయ క్యాన్సర్‌కి పొగాకే పెద్ద కారణం. రంగు మామూలైపోయినా సరే, వెళ్లి స్కాన్ చేయించుకోండి.