ఆ నీలి నీళ్ళు ఎక్కడివి?

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ నుంచి ఐ-80 రోడ్డు మీద పడమరకు రెండు గంటల లోపే వెండోవర్. ఊరు దగ్గరపడుతుండగా తెల్లటి ఉప్పు నేల మధ్య గీత గీసినట్టు ఒక కాలువ, అందులో మైలుతుత్తం రంగు నీళ్ళు. ఫొటోలు చూసి బండి తీసే వాళ్ళలో మనవాళ్ళూ ఉంటారు. కానీ అది ఏరు కాదు, పొటాష్ అనే పొటాషియం ఎరువు కోసం తవ్విన కాలువ.

ఒకప్పుడు ఇక్కడ బానవిల్ అనే మహా సరస్సు ఉండేది. అది ఎండిపోయి పైన ఉప్పు పెంకు, కింద బురద, ఆ బురదలో పొటాషియం కలిసిన ఉప్పునీరు మిగిలాయి. మొదటి ప్రపంచ యుద్ధం దాకా పొటాష్ అంటే జర్మనీదే. యుద్ధంతో ఆ సరుకు ఆగిపోయి అమెరికా రైతుకు ఎరువు కరువైంది. 1917లో ఇక్కడ పొటాష్ తీయడం మొదలైంది. యుద్ధం ముగిసి జర్మనీ సరుకు రాగానే మూతపడి, 1930లలో మళ్ళీ తెరుచుకుంది. ఆ తర్వాత చేతులు మారుతూ 2004లో ఇంట్రెపిడ్ పొటాష్ కంపెనీకి దక్కింది.

చినగంజాం, నౌపడ ఉప్పు మడులు చూసినవాళ్ళకు ఈ పని కొత్తగా ఉండదు. నేలలోని ఉప్పునీరు కాలువలోకి ఊరుతుంది. దాన్ని పంపులతో మడుల్లోకి తోడి ఎండబెడతారు. ముందు మామూలు ఉప్పు పేరుకుంటుంది, తర్వాత పొటాష్ దిగుతుంది. అడుగున తెల్లటి ఉప్పు, పైన తేటనీరు ఉండటంతో కాలువ అంత నీలంగా మెరుస్తుంది.

గొడవ కూడా అక్కడే ఉంది. పక్కనున్న ఉప్పు మైదానం రేసు కార్లది. 1935లో మాల్కం క్యాంప్‌బెల్ గంటకు 300 మైళ్ళు దాటిందీ, 1970లో గ్యారీ గాబెలిచ్ 1000 కిలోమీటర్లు దాటిందీ ఇక్కడే. ఆ ఉప్పు ఏటికేడు పల్చబడుతోంది. కాలువలే లాగేస్తున్నాయని రేసర్ల ఆరోపణ. 1997 నుంచి 5 ఏళ్ళు అప్పటి కంపెనీ ఉప్పునీటిని తిరిగి మైదానం మీదికి వదిలింది. అయినా 2014లో వానకు, 2015లో ఉప్పు బాగాలేక ఇక్కడ ఏటా జరిగే రేసుల పండగ స్పీడ్ వీక్ రద్దయింది. తప్పంతా కాలువలదే అనడం తొందరపాటే, వాతావరణానికీ వాటా ఉంది.

ఇక ప్రమాదం సంగతి. 1846లో కాలిఫోర్నియాకు వలస బయల్దేరిన డోనర్ బృందం బళ్ళు కూరుకుపోయింది ఈ ఎడారి బురదలోనే. ఒడ్డున పెంకు గట్టిగానే కనిపిస్తుంది. బూటు మోపగానే పటుక్కుమని విరిగి, కింది బూడిద రంగు జిగురు మడమను పట్టేస్తుంది. కాలువ గట్టూ అంతే, దిగినంత సులువుగా ఎక్కనివ్వదు. నీళ్ళు మనిషిని తేల్చేస్తాయి కదా అని దిగితే, కళ్ళలో చుక్క పడినా, ఒంటిమీద చిన్న గీత ఉన్నా భగ్గున మండుతుంది. చాలాచోట్ల అది కంపెనీ పనిచేసే స్థలం, బోర్డు పెట్టిన చోట లోపలికి వెళ్ళకూడదు. రోడ్డు మీద నుంచి చూసి వచ్చినా, ఉప్పు మీద బండి నడిపి ఉంటే అదే రోజు బండి అడుగు కడిగించాలి. లేకపోతే తుప్పు పట్టేస్తుంది.