దావీదును రెచ్చగొట్టింది ఎవరు?

బైబిల్‌లో దావీదు జనాభా లెక్కలు తీయించిన కథ రెండుసార్లు వస్తుంది. సమూయేలు రెండో గ్రంథం 24వ అధ్యాయంలో ఇశ్రాయేలీయుల మీద కోపంతో దేవుడే అతన్ని ఆ పనికి పురికొల్పాడని ఉంటే, దినవృత్తాంతాల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో ఆ నింద సాతాను నెత్తిన పడింది. కథ అదే, రాజూ అతనే.

ఈ దినవృత్తాంతాల గ్రంథం బబులోను చెర, అంటే యూదులు బబులోనులో బందీలుగా ఉన్న కాలం, తర్వాతది. క్రీ.పూ. 539లో పర్షియా రాజు కోరెషు బబులోనును గెలిచి యూదుల్ని తిరిగి వెళ్లనిచ్చాడు, అక్కణ్ణుంచి అలెగ్జాండర్ వచ్చేదాకా, అంటే రెండు వందల ఏళ్ల పైనే, వాళ్లు పర్షియా ఏలుబడిలోనే బతికారు. ఆ పర్షియావాళ్ల జరతుష్ట్ర మతంలో చూస్తే మంచికి అహుర మజ్దా, అతనికి ఎదురు నిలిచే చెడ్డ శక్తి అంగ్ర మైన్యు, చివర్లో చనిపోయినవాళ్లు లేవడం, తీర్పు. ఇంత దగ్గరగా ఉంటే సాతానునూ పునరుత్థానాన్నీ యూదులు అక్కణ్ణుంచే తెచ్చుకున్నారని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ కాస్త ఆగాలి. జరతుష్ట్ర మత గ్రంథం అవెస్తాను రాతలో పెట్టింది ఎన్నో శతాబ్దాల తర్వాత, పర్షియాను ఏలిన ససానియన్ల కాలంలో, అంతిమ తీర్పును వివరంగా చెప్పే ఆ మతం పుస్తకం బుందహిష్న్ అయితే ఇంకా ఆలస్యం, సుమారు 9వ శతాబ్దం. మరి ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నట్టు? ఇక్కడ ఆదుకునేది థియోపొంపస్ అనే గ్రీకు చరిత్రకారుడు. మనుషులు మళ్లీ బతుకుతారని పర్షియా పూజారులు నమ్ముతారని ఈయన క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే రాశాడు, ఆ మాట తర్వాతివాళ్ల పుస్తకాల ద్వారా మనదాకా వచ్చింది. కాబట్టి ఆ నమ్మకం పాతదే.

అయినా ఎత్తిరాసుకున్నారంటే నేను ఒప్పుకోను. కోరెషును దేవుడు అభిషేకించినవాడని పొగిడిన యెషయా 45వ అధ్యాయమే, వెలుగునూ చీకటినీ చేసేది నేనొక్కణ్ణే అని దేవుడి చేత చెప్పిస్తుంది. యూదుల సాతాను ఎంత ఎదిగినా దేవుడికి సరిజోడు కాలేదు. పునరుత్థానం దానియేలు 12వ అధ్యాయంలో స్పష్టంగా కనిపించేది కూడా, ధర్మశాస్త్రం పాటించినందుకే యూదుల్ని ఏలిన గ్రీకు రాజు అంతియొకస్ జనాన్ని చంపిస్తున్న రోజుల్లో, క్రీ.పూ. 165 ప్రాంతంలో. మంచివాడికి ఈ లోకంలో న్యాయం దొరకనప్పుడు ఇంకెక్కడ దొరుకుతుందన్న ప్రశ్న వాళ్ల సొంతం, జవాబుకు కావాల్సిన సరుకు కొంత పర్షియా గాలిలో ఉండి ఉంటుంది. పైగా ఆ జవాబును అందరూ ఒప్పుకోనూ లేదు: యేసు కాలంలో యూదుల్లోనే ఒక వర్గమైన పరిసయ్యులు పునరుత్థానం ఉందంటుంటే, పూజారులతో పెనవేసుకున్న ఇంకో వర్గం సద్దూకయ్యులు అదేం లేదని ఇంకా వాదిస్తూనే ఉన్నారు.