పాలినేషియన్ చికెన్: తాజా పైనాపిల్‌లో రాత్రంతా నానబెట్టకండి

"అక్కా, రాత్రే నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే ముక్కలు ముద్దగా అయిపోయాయి. చికెన్ పాడైపోయిందంటావా?"

ఎండలు ముదిరి, పెరట్లో గ్రిల్ మీద కవర్లు తీసే రోజులు వచ్చాయంటే నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. డాలస్ పక్కన నేను నడిపే క్యాటరింగ్ కిచెన్‌లో పిల్లల పుట్టినరోజులకి పాలినేషియన్ చికెన్ అడగనివాళ్లు తక్కువ. పైనాపిల్ రసం, సోయా సాస్‌తో చేసే ఈ చికెన్ తియ్యగా, పుల్లగా ఉంటుంది, కారం ఉండదు, పిల్లలు మారు మాట్లాడకుండా తింటారు. అది చూసి అమ్మలు, నాన్నలు ఇంట్లో మొదలుపెడతారు. తర్వాత ఫోన్. చికెన్ పాడవలేదు తల్లీ, పైనాపిల్ దాన్ని సగం అరిగించేసింది.

అపోహ: ఎంతసేపు నానితే అంత మెత్తన, అంత రుచి

పెరుగు, అల్లం వెల్లుల్లి పట్టించి రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టేయడం మన ఇళ్లలో అలవాటే. పెరుగుతో అది చెల్లుతుంది. తాజా పైనాపిల్‌తో చెల్లదు. అందులో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంది, ప్రొటీన్‌ని తుంచడమే దాని పని. ముదురు మటన్‌కి పచ్చి బొప్పాయి నూరి పట్టిస్తామే, అక్కడ పపైన్ చేసేది, ఇక్కడ ఇది చేసేది ఒకటే. బొప్పాయి అనగానే అందరూ చెంచాతో కొలిచి వేస్తారు. పైనాపిల్ మాత్రం పండే కదా అని కప్పులకి కప్పులు పోస్తారు. అదీ మేక మాంసం మీద కాదు, లేత బ్రాయిలర్ కోడి మీద!

అలా నానిన బ్రెస్ట్ ముక్కని వేలితో నొక్కి చూడండి. పైపొర తడి మైదాలా వేలికి అంటుకుంటుంది, లోపల మాత్రం మామూలుగానే ఉంటుంది. గ్రిల్ మీద వేస్తే ఆ పైపొర కడ్డీలకి అతుక్కుని ఊడిపోతుంది. నోట్లో పీచు తగలదు. అప్పుడు మనవాళ్లు ఏమంటారంటే, "ఇంకాస్త నానాల్సింది కాబోలు." కాదు బాబూ, పదోవంతు నానాల్సింది!

అసలు తంటా ఎక్కడంటే, ఇక్కడి రెసిపీల్లో చాలావరకు డబ్బా రసాన్ని లెక్కలో పెట్టుకుని రాసినవి. డబ్బాకెక్కే ముందు పైనాపిల్‌ని వేడి చేస్తారు, దాంతో ఎంజైమ్ చచ్చిపోతుంది. ఆ రసంలో రాత్రంతా ఉంచినా మాంసం ముద్దవ్వదు. మనవాళ్లేమో "డబ్బాది ఎందుకు, తాజాది ఆరోగ్యం కదా" అని పండు కొని, మిక్సీలో తిప్పి పోస్తారు, టైం మాత్రం రెసిపీలో ఉన్నదే ఉంచుతారు. ఫ్రిజ్‌లో ఉంది కదా అనుకోకండి. చల్లదనానికి ఎంజైమ్ నెమ్మదిస్తుంది తప్ప ఆగదు. ఫ్రీజర్‌లో పెట్టినా చావదు, కరిగాక మళ్లీ పని మొదలెడుతుంది.

తాజా పండే కావాలంటే రసాన్ని ఐదు నిమిషాలు బాగా మరిగించి, పూర్తిగా చల్లార్చి వాడండి. అప్పుడు రాత్రంతా ఉంచుకున్నా ఈ భయం లేదు. పచ్చి రసమే పోస్తానంటే అరగంట చాలు. పండు మధ్యలో ఉండే గట్టి భాగంలో ఎంజైమ్ ఎక్కువ, దాన్ని మిక్సీలో వేయొద్దు. పైనాపిల్ రైతా కాసేపటికి చేదెక్కుతుందే, దానికీ ఈ ఎంజైమే కారణం. ముక్కల్ని ముందు కాస్త చక్కెరతో ఉడికించి, చల్లార్చి పెరుగులో కలిపి చూడండి.

ముద్దైన చికెన్ పారేయక్కర్లేదు. ఒక జూలై 4న, కొత్తింట్లో మొదటి పార్టీ పెట్టుకున్న ఒంగోలు కుర్రాడు తెల్లవారకముందే ఫోన్ చేశాడు. పెద్ద ట్రే నిండా చికెన్, సాయంత్రానికి ఆఫీసువాళ్లంతా కుటుంబాలతో వస్తారు, అందరికీ ఫుడ్ పాయిజనింగ్ అవుతుందేమోనని టెన్షన్. వాసన వస్తోందా అంటే లేదన్నాడు. రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉందా అంటే ఉందన్నాడు. రసం వార్చి, కీమాలా కొట్టి, ఉల్లిపాయ తరుగు, బ్రెడ్ పొడి కలిపి టిక్కీలు చేయించాను. పాన్ మీద లోపలిదాకా కాల్చి, పైన సాస్ పూసి పెట్టాడు. "ఈ రెసిపీ ఎక్కడిది?" అని అడిగారట.

అపోహ: సాస్ మొదటి నుంచే పూస్తే ముక్కకి బాగా పట్టేస్తుంది

పట్టదు, మాడుతుంది. ఆ సాస్‌లో సగం చక్కెరే. చికెన్ లోపల ఉడికేలోపు పైన నల్లబడి చేదెక్కుతుంది, మనమేమో ఉడికిందనుకుని దించేస్తాం. కేజీ ఎముకలేని తొడ ముక్కలకి ఉప్పు తక్కువగా, మిరియాల పొడి పట్టించి 400 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో పెట్టండి. ఈలోగా కప్పు పైనాపిల్ రసం, పావు కప్పు సోయా సాస్, పావు కప్పు బ్రౌన్ షుగర్, మూడు పెద్ద చెంచాల కెచప్, తరిగిన అల్లం వెల్లుల్లి కలిపి సగమయ్యేదాకా మరిగించండి. బ్రౌన్ షుగర్ బదులు బెల్లం తురుము బేషుగ్గా ఉంటుంది. దించే ముందు రెండు పెద్ద చెంచాల వెనిగర్. మొదటే పోస్తే పులుపు ఘాటంతా ఆవిరితో పోతుంది. చికెన్‌కి ఇంకో పది నిమిషాలుందనగా సాస్ రెండుసార్లు పూయండి. మొత్తం 25 నిమిషాలు అటూ ఇటూగా పడుతుంది. గడియారం కన్నా థర్మామీటర్‌ని నమ్మండి, ముక్క మధ్యలో 165 డిగ్రీలు రావాలి.

అపోహ: కడుపుతో ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు

దీనికి మాత్రం నేను విసుక్కోను. పార్టీలో కడుపుతో ఉన్న ఒక పిల్ల రెండు ముక్కలు తిన్నాక ఎవరో పెద్దావిడ "అయ్యో, అందులో పైనాపిల్ ఉంది కదే" అందట. ఆ పిల్ల రాత్రి పదకొండింటికి ఏడుపు గొంతుతో నాకు ఫోన్ చేసింది. మామూలుగా తినే మోతాదులో పైనాపిల్ వల్ల గర్భం పోతుందనడానికి ఆధారం లేదు. పైగా ఇందులో పైనాపిల్ ఉడికిపోయింది, అందరూ భయపడే ఆ బ్రొమెలైన్ వేడికే పోయింది. చూసుకోవాల్సింది చక్కెర. గర్భంతో షుగర్ వచ్చినవాళ్లు సాస్ ఎంత వేసుకోవచ్చో డాక్టర్ని అడగండి, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ని కాదు.

అపోహ: ఇది హవాయి, తహితి వాళ్ల తాతల నాటి వంట

కాదు. హవాయి, తహితి లాంటి పసిఫిక్ దీవులనే పాలినేషియా అంటారు. కానీ పైనాపిల్ పుట్టిల్లు దక్షిణ అమెరికా. సోయా సాస్ హవాయికి వచ్చింది చెరకు తోటల్లో పని చేయడానికి వచ్చిన చైనా, జపాన్ కూలీలతో. ఈ తీపి పులుపు వరసకి "పాలినేషియన్" అని పేరు తగిలించి ఊరంతా తిప్పింది 1930లలో కాలిఫోర్నియాలో మొదలైన టికీ రెస్టారెంట్లు, అంటే ఆ దీవుల అలంకరణతో నడిచే హోటళ్లు. హాలీవుడ్‌లో డాన్ ద బీచ్‌కోంబర్, ఓక్లండ్‌లో ట్రేడర్ విక్స్. వాటిలో వడ్డించినది చాలావరకు అమెరికా మార్కు చైనా వంటే. ఆ దీవుల పాత తిండి చామదుంప, సీమపనస, కొబ్బరి, చేపలు, పంది మాంసం. రాళ్లు కాల్చి, గోతిలో ఆకులు కప్పి ఉడికిస్తారు, హవాయిలో దాన్ని ఇము అంటారు. మన ఇగురులో పడే చామదుంప వాళ్లకి ప్రధాన ఆహారం! కాబట్టి "ఆథెంటిక్‌గా రాలేదక్కా" అని దిగులు పడకండి. కెచప్ వేశాక ఆథెంటిక్ ఏముంది?

మిగతావి గబగబా. సోయా సాసే ఉప్పు, కూరకి వేసినట్టు మళ్లీ వేస్తే నోట్లో పెట్టలేరు. ఇనప మూకుట్లో ఈ సాస్ కాచొద్దు, పులుపుకి నల్లబడి ఇనుము రుచి పట్టేస్తుంది, స్టీలు గిన్నె చాలు. ఎముక దగ్గర గులాబీ రంగు కనిపించినంత మాత్రాన పచ్చిది కాదు, 165 వచ్చిందా లేదా అన్నదే లెక్క. ప్యాకెట్ చికెన్ సింక్‌లో కడిగితే క్రిములు పోవు, తుంపర్లతో పక్కనున్న కొత్తిమీర మీదకి చేరతాయి. ఈ మాట అన్నందుకు మా అత్తయ్య నాతో ఇప్పటికీ వాదిస్తూనే ఉంది. ఇక పచ్చి చికెన్ నానిన రసాన్ని అలాగే పైన పోసి వడ్డించొద్దు, బాగా మరిగించాకే వాడాలి. నానబెట్టే ముందే అర కప్పు పక్కకి తీసి పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు.