గేమ్ టీమ్‌లో నిర్ణయం ఎవరిది? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: తనను తానే నడుపుకునే టీమ్ అంటే ఎవరిష్టం వాళ్లది.

వాస్తవం: ఏ గేమ్, ఎవరి కోసం, ఎంత ఖర్చులో అన్నవి చాలా స్టూడియోల్లో పైనుంచే వస్తాయి. ఈ స్ప్రింట్‌లో (రెండు వారాల్లాంటి చిన్న పని విడతలో) ఎంత పని తలకెత్తుకోవాలి, ఎలా చేయాలి అన్నది టీమ్ చేతిలో ఉంటుంది. హెల్సింకీలోని గేమ్ కంపెనీ సూపర్‌సెల్ ఇంకా ముందుకెళ్లింది. గేమ్ నిలబడదనిపిస్తే ఆపేసే నిర్ణయం కూడా దాన్ని చేస్తున్న చిన్న బృందానిదే.

అపోహ: అన్ని విభాగాలవాళ్లూ కలిసిన టీమ్‌లో అందరికీ అన్నీ రావాలి.

వాస్తవం: యానిమేటర్ కోడ్ రాయనక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు. నేను చేసిన ఓ పాత ప్రాజెక్టులో కత్తి దెబ్బ లేటుగా పడుతోందని టెస్టర్ టికెట్ (లోపం నమోదు) పెట్టింది. అది మా దగ్గర్నుంచి యానిమేషన్ వాళ్లకి, అక్కణ్ణుంచి మళ్లీ మాకు, రెండు వారాలు తిరిగింది. ఎవరి లెక్కలో వాళ్ల పని సరిగ్గానే ఉంది. చివరికి నలుగురం ఒకే మానిటర్ ముందు కూర్చుని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశాం. బటన్ నొక్కాక చెయ్యి వెనక్కి లాగడానికే 18 ఫ్రేములు పోతున్నాయి. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన 0.6 సెకను! యానిమేటర్ దాన్ని 6కి కుదించాడు. దెబ్బలో బరువు తగ్గితే సౌండ్ డిజైనర్ శబ్దాన్ని బరువెక్కించింది. ఒక దెబ్బ పూర్తికాకముందే నొక్కిన బటన్‌ను గుర్తుంచుకునే కోడ్ నేను చేర్చాను. సాయంత్రం టెస్టర్‌కి కంట్రోలర్ ఇస్తే కింద పెట్టలేదు.

అపోహ: ఇదంతా ఎజైల్ (సాఫ్ట్‌వేర్‌ను చిన్న విడతల్లో, మార్పులకు తగ్గట్టు చేసే తీరు) వచ్చాక పుట్టిన పద్ధతి.

వాస్తవం: ఎజైల్ ప్రకటన 2001 నాటిది. 1997లోనే వాల్వ్ అనే గేమ్ కంపెనీ, తను చేస్తున్న హాఫ్-లైఫ్ గేమ్ ఆడటానికి బాగాలేదని గ్రహించి చాలావరకు మళ్లీ మొదలుపెట్టింది. ఇంజనీర్లు, లెవెల్ డిజైనర్, రచయిత, యానిమేటర్ కలిసి వారానికి నాలుగు రోజులు, రోజుకు ఆరు గంటలు కూర్చుని డిజైన్ చేశారు. ఆ గేమ్ 1998 నవంబర్‌లో విడుదలైంది.

అపోహ: పనంతా స్ప్రింట్లలోనే సాగాలి.

వాస్తవం: ఒక పాత్ర మోడలింగ్ (ఆకారం చేయడం), రిగ్గింగ్ (కదలడానికి లోపల ఎముకల్లాంటి అమరిక పెట్టడం), యానిమేషన్ దాటి గేమ్‌లోకి రావడానికి వారాలు పడుతుంది. రెండు వారాల్లో కుక్కితే అన్నీ సగం సగమే మిగులుతాయి. అలాంటి పనికి మేం కాన్‌బాన్ బోర్డు (ఏ పని ఏ దశలో ఉందో వరుసల్లో చూపే పట్టిక) పెట్టి, ఒక్కో వరుసలో ఎన్ని పాత్రలుండొచ్చో హద్దు గీస్తాం. రిగ్గింగ్ వరుస నిండిపోతే మోడలర్ కొత్త పాత్ర ఎత్తుకోడు. రిగ్గర్ దగ్గరికెళ్లి, భుజం మడత దగ్గర మెష్ (పాత్ర పై ఉపరితలం) ఎక్కడ నలుగుతోందో చూసి సరిచేసిస్తాడు.