చింతపండు వద్దు, వెదురు పుల్ల చాలు
శ్రీకాకుళంలో మా పిన్ని వాళ్ళ పాత పెంకుటిల్లు విప్పుతుంటే అటక మీద ఒక ముంత దొరికింది. లోపల మట్టి గడ్డకట్టిన పది పన్నెండు రాగి నాణేలు. పిన్ని ఊరుకుంటుందా! చింతపండు, ఉప్పు వేసి ఒకదాన్ని కొబ్బరి పీచుతో తోమేసింది. అది రాగి చెంబులా తళతళలాడింది గానీ, దాని మీద ఒక్క అక్షరం మిగల్లేదు. తోమని నాణెం మీద మాత్రం భూతద్దంలో 1797 కనబడుతోంది, 'రూపాయికి 48' అనే ఇంగ్లీషు మాటలూ ఆనవాలు తెలుస్తున్నాయి. శ్రీకాకుళం ఒక సర్కారుగా (పాలనా విభాగంగా) ఉన్న ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో కొట్టించిన నాణేలవి.

చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీది ఆక్సైడ్‌నీ, పచ్చటి కార్బొనేట్‌నీ కరిగిస్తుంది. చెంబుకి అది మురికి, పాత నాణేనికి అదే చర్మం. ఏళ్ళ తరబడి పైలోహం చిలుముగా మారిపోయి, అక్షరాల ఆకారం ఆ పొరలోనే నిలిచి ఉంటుంది. పొర ఊడితే అక్షరమూ ఊడుతుంది.

మరి మట్టి ఎలా తియ్యాలి? గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో పెద్ద అంకె ఉన్నది చిన్న అంకె ఉన్నదాన్ని గీస్తుంది. అందులో రాగి గట్టిదనం 3, మన గోరు సుమారు 2.5. స్టీలు సూదికి 5 దాటుతుంది కాబట్టి దాని జోలికే పోకూడదు. అసలు శత్రువు మట్టిలోనే దాక్కుని ఉంటుంది. ఇసుక రేణువు గట్టిదనం 7. పొడి నాణెం మీద ఎంత మెత్తటి టూత్‌బ్రష్ తిప్పినా, అది ఇసుకను ఈడ్చుకుంటూ గీతలు పెడుతుంది. అందుకే ముందు నానబెట్టాలి. సముద్రం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అవి పనికిరావు. ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. సీసా మీద చదివి మరీ కొనండి, ఆసిడ్ కాకూడదు.

మట్టి మెత్తబడ్డాక వెదురు పుల్ల. వెదురు పైతొక్కలో సిలికా ఉంటుంది, దాన్ని చెక్కేసి లోపలి భాగాన్ని మొద్దుగా చెయ్యాలి. పుల్లను గుచ్చకుండా నాణెం మీద దాదాపు పడుకోబెట్టి నెట్టాలి. అక్షరాల సందుల్లోకి తుమ్మ ముల్లు బాగా వెళ్తుంది. మట్టి పోయి నున్నటి పచ్చదనం కనబడిందంటే అక్కడ ఆపెయ్యాలి. నా అనుభవంలో కష్టమైన పని ఈ ఆపడమే!

శాతవాహనుల సీసపు నాణేలకు ఈ వైద్యం పనికిరాదు. సీసం గట్టిదనం 1.5, గోరే గీసేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ కూడా దాన్ని తినేస్తుంది. చెక్కపెట్టెలో పెడితే చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి తెల్లటి పొడిగా రాలుతుంది.

ఉప్పు నీళ్ళు ఎందుకు వద్దన్నానంటే, ఉప్పులోని క్లోరైడ్ రాగిలోకి దిగి, దానికి తేమ తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది లోహాన్ని తింటూ పోతుంది. లేత పచ్చటి పిండిలాంటి మచ్చ కనబడితే ఆ జబ్బు మొదలైనట్టే. మన తీరంలో తేమకు కొదవా! చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారెయ్యకండి, ఆరిన నాణేల డబ్బాలో వెయ్యండి.

అన్నట్టు, పొలం దున్నుతుంటే నాణేలు బయటపడితే సంగతి వేరు. 1878 నాటి చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. వాటిని కడగకుండా మట్టితోనే అప్పగించడం మేలు.

పిన్ని ఇప్పుడు పప్పు నానబోసినట్టు రోజూ నీళ్ళు మారుస్తోంది. మూడో వారం నడుస్తోంది, నీళ్ళింకా లేత గోధుమరంగులోకి తిరుగుతూనే ఉన్నాయి.