గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయ్యాక: పథ్యం, నడక, కుట్ల గురించి అపోహలు - వాస్తవాలు

గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీయించుకుని ఇంటికొచ్చిన మనిషికి డిశ్చార్జి కాగితంలో రాసిన సలహాల కంటే చూడ్డానికొచ్చిన బంధువుల సలహాలే ఎక్కువ అందుతాయి. వాటిలో చాలావరకు పొట్ట కోసి చేసిన రోజుల నాటివి. ఇప్పుడు ఎక్కువమందికి ల్యాప్రోస్కోపీలోనే, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా పంపి చేసే పద్ధతిలోనే, అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ఉండే మూడు నాలుగు గాట్లతో పని అయిపోతోంది. కింద రాసినవి అలా, ఏ చిక్కూ లేకుండా ఆపరేషన్ అయిన పెద్దవాళ్లకు వర్తిస్తాయి. పొట్ట కోసి చేసినా, డ్రెయిన్ గొట్టంతో ఇంటికి పంపినా మీ సర్జన్ చెప్పిందే లెక్క.

అపోహ: పప్పు తింటే కుట్లు చీము పడతాయి

మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. చీము పట్టించేది బ్యాక్టీరియా. షుగర్ అదుపు తప్పినా, పొగ తాగుతున్నా, గాయాన్ని పదేపదే చేత్తో తడుముతున్నా, తడిసిన డ్రెస్సింగ్ అలాగే వదిలేసినా దానికి దారి దొరుకుతుంది. కందిపప్పుకూ చీముకూ ఏ సంబంధమూ లేదు.

పైగా గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. గ్లాసు పాలల్లోనూ, 30 గ్రాముల కందిపప్పులోనూ దాదాపు అంతే. చారన్నం, బ్రెడ్డు, బిస్కెట్లతో నెల నెట్టుకొస్తే ఈ లెక్కలో సగం కూడా అందదు. నీరసం తగ్గదు, గాయం ఆలస్యంగా మానుతుంది, నెపం మాత్రం ఆపరేషన్ మీదికి పోతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఈ మోతాదు డాక్టర్‌ని అడిగి తేల్చుకోవాలి.

డాక్టర్ సరేనన్నాక ఆపరేషన్ రోజు సాయంత్రం నీళ్లు, కొబ్బరినీళ్లు, పల్చటి మజ్జిగతో మొదలుపెట్టండి. వాంతి లేకపోతే మర్నాడు ఇడ్లీ, మెత్తగా ఉడికిన పెసరపప్పన్నం, పెరుగన్నం. మూడో రోజుకు కూరలు, ఉడకబెట్టిన గుడ్డు. ఒకేసారి నిండా కాకుండా కొద్దికొద్దిగా ఐదారుసార్లు తినాలి. వంకాయ, గోంగూర కుట్లకు చెరుపన్నదీ ఇలాంటి మాటే. కడుపులో మంట పుట్టిస్తే మానండి, లేకపోతే తినండి.

అపోహ: జీర్ణశక్తి పోయినట్టే, ఇక జీవితాంతం నూనె, నెయ్యి ముట్టకూడదు

కొవ్వును అరిగించే పైత్యరసాన్ని తయారుచేసేది గాల్‌బ్లాడర్ కాదు, లివర్. రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా తయారవుతుంది. గాల్‌బ్లాడర్ అందులో 30 నుంచి 50 మిల్లీలీటర్లు దాచి, చిక్కబరిచి, కొవ్వున్న తిండి పడ్డప్పుడు ఒక్కసారిగా పేగులోకి వదులుతుంది, అంతే. అది తీసేశాక రసం రోజంతా కొంచెం కొంచెంగా నేరుగా పేగులోకి దిగుతూ ఉంటుంది. మామూలు భోజనానికి అది సరిపోతుంది. బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ 1882లో మొదటిసారి ఈ అవయవాన్ని తీసినప్పటి నుంచీ మనుషులు అది లేకుండానే బతుకుతున్నారు.

ఇబ్బంది వచ్చేది కొవ్వు ఒకే పూట ఎక్కువగా పడితేనే. రెండు నుంచి నాలుగు వారాలు వేపుళ్లు, గారెలు, పూరీలు, బిర్యానీ పక్కన పెట్టండి. పోపుకు వేసే చెంచా నూనెతో భయం లేదు. ఆ తర్వాత ఒక్కో పదార్థాన్ని విడిగా, మధ్యాహ్నం భోజనంలో, కొద్దిగా తిని చూసుకోవాలి. పెళ్లి భోజనంలో రాత్రి పదింటికి మొదటి ప్రయోగం చేస్తేనే మర్నాడు విరేచనాలు.

కొంతమందికి తినగానే పల్చటి విరేచనం అవుతుంది. పెద్దపేగుకు చేరిన పైత్య ఆమ్లాలు నీటిని లాగడం దీనికి కారణం. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. చెంచా ఇసబ్గోల్ నిండు గ్లాసు నీళ్లలో కలిపి తాగితే విరేచనం గట్టిపడుతుంది. పరగడుపున కాఫీ మానితే కొందరికి అదే సగం నయం. నెలైనా తగ్గకపోతే పైత్య ఆమ్లాలను పట్టి ఉంచే కొలెస్టిరమిన్ పొడి రాయించుకోవచ్చు. భరిస్తూ కూర్చోవాల్సిన అవసరం లేదు.

అపోహ: భుజం నొప్పి వస్తోందంటే గుండెకు దెబ్బ తగిలినట్టే

ల్యాప్రోస్కోపీలో పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు. మిగిలిన వాయువు డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర) కిందికి చేరి అక్కడి నరాన్ని చికాకుపెడితే, నొప్పి భుజంలో తెలుస్తుంది. ఎక్కువగా కుడివైపే. రెండు మూడు రోజుల్లో పోతుంది. నడక, వేడినీళ్ల కాపడం ఉపశమనమిస్తాయి. ఛాతీ నొక్కేసినట్టుండి చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా అది వేరే సంగతి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

అపోహ: వారం రోజులు మంచం దిగకూడదు

ఆపరేషనైన కొన్ని గంటల్లోనే నర్సు సాయంతో లేచి నాలుగడుగులు వేయాలి. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం, ఊపిరితిత్తుల్లో కఫం చేరడం, మలబద్ధకం, మూడూ పెరుగుతాయి. లేచేటప్పుడు తిన్నగా నడుమెత్తకండి. ముందు పక్కకు ఒత్తిగిలి, కాళ్లు మంచం కిందికి జార్చి, మోచేతిని ఊతం చేసుకుని లేవండి. దగ్గు వస్తే దిండును పొట్టకు అదుముకుని దగ్గండి.

ఆస్పత్రిలో ఇచ్చే మూడు బంతుల పరికరాన్ని చాలామంది బెలూన్‌లా ఊదుతారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలిని లోపలికి పీల్చాలి. బంతులు లేచాక మూడు సెకన్లు బిగబట్టి మెల్లగా వదలాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు.

నొప్పి మాత్రలు మొదటి రెండు మూడు రోజులు రాసిన వేళకే వేసుకోవాలి. నొప్పికి భయపడి నడక మానేయడం కంటే ఇదే మేలు. ఒక జాగ్రత్త: గట్టి నొప్పికి రాసే ట్రమడాల్ మాత్రలు చాలావాటిలో పారాసెటమాల్ కూడా కలిసి ఉంటుంది. దాని మీద ఇంట్లో ఉన్న డోలో 650 (అదీ పారాసెటమాలే) వేసుకుంటే మోతాదు పెరిగిపోతుంది. ట్రమడాల్ మలబద్ధకం కూడా చేస్తుంది.

అపోహ: బెల్టు కట్టుకుంటే బరువులు ఎత్తొచ్చు

గాటు దగ్గర కండరం బలహీనపడి లోపలి పేగు ఉబ్బుకొచ్చే హెర్నియాను బెల్టు ఆపదు. పెద్ద గాటు సాధారణంగా బొడ్డు దగ్గరే ఉంటుంది, భయం అక్కడే. మొదటి రెండు వారాలు 5 కిలోలు దాటొద్దు. నిండు నీళ్ల బిందె, పాతిక కిలోల బియ్యం బస్తా, 30 కిలోల దాకా తూగే గ్యాస్ సిలిండర్ నాలుగు నుంచి ఆరు వారాల తర్వాతే. చంటిపిల్లలుంటే వంగి ఎత్తుకోకండి, కూర్చున్నాక ఒళ్లోకి అందుకోండి. కూర్చుని చేసే ఉద్యోగానికి వారం, రెండు వారాల్లో వెళ్లొచ్చు. పొట్టలో నొప్పి లేకుండా సడన్ బ్రేక్ వేయగలిగాక, ట్రమడాల్ మానేశాక బండి నడపొచ్చు.

అపోహ: కుట్లు విప్పేదాకా స్నానం వద్దు

సర్జన్ సరేనంటే 48 గంటల తర్వాత మగ్గుతో పోసుకోవచ్చు. గాయాన్ని రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. పసుపు, కొబ్బరినూనె, పౌడర్ రాయొద్దు. చెరువులో, తొట్టిలో మునగొద్దు.

అపోహ: లోపల క్లిప్పులున్నాయి కాబట్టి ఎమ్మారై చేయించుకోకూడదు

గాల్‌బ్లాడర్ నాళాన్ని, రక్తనాళాన్ని మూయడానికి ఎక్కువగా వాడేవి టైటానియం క్లిప్పులు. ఎమ్మారైకి అడ్డుకావు. స్కాన్ చేసేవాళ్లకు ముందే చెబితే చాలు.

అపోహ: గాల్‌బ్లాడరే లేదు, ఇక రాళ్ల గొడవ లేదు

ఆపరేషన్‌కు ముందే జారిన రాయి పైత్యనాళంలో ఉండిపోవచ్చు. కొన్నిసార్లు నాళంలోనే కొత్తగానూ పుట్టొచ్చు. అరుదుగా నాళానికి గాయమై పైత్యరసం పొట్టలోకి కారవచ్చు. అందుకే రోజురోజుకూ తగ్గాల్సిన నొప్పి మూడో రోజు తర్వాత పెరుగుతుంటే, పొట్ట ఉబ్బుతుంటే, 100.4 డిగ్రీలు దాటి జ్వరం వస్తే, వాంతులు ఆగకపోతే, గాయం నుంచి చీము వస్తే, ఒక పిక్క వాచి నొప్పెడితే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో, మలం సున్నపు రంగులో వస్తే అది నాళంలో అడ్డు. మామూలు పచ్చకామెర్లనుకుని దానికి పసరు మందు తాగి పథ్యం చేస్తూ కూర్చుంటే విలువైన రోజులు పోతాయి, చీము రక్తంలోకి పాకి ప్రాణం మీదికి వస్తుంది. అడ్డును ఎండోస్కోపీతోనో ఆపరేషన్‌తోనో తొలగించాల్సిందే.

తీసిన గాల్‌బ్లాడర్ బయాప్సీ రిపోర్టును కూడా మర్చిపోకుండా అడిగి తీసుకోండి. స్కాన్‌లో కనపడని క్యాన్సర్ అరుదుగా ఆ కాగితంలోనే బయటపడుతుంది. అత్యవసరంగా వెళ్లాల్సి వస్తే డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, వేసుకుంటున్న మాత్రల చీటీ వెంట పెట్టుకోండి. స్కాన్‌కో ఎండోస్కోపీకో కడుపు ఖాళీగా ఉండాలి కాబట్టి దారిలో ఏమీ తినిపించకండి.