వేసవిలో జిన్: అపోహలు, వాస్తవాలు, నాకు నచ్చిన కొన్ని సీసాలు

మార్చి దాటాక హైదరాబాద్‌లో బార్ కౌంటర్ ముందు కూర్చునేవాళ్లు తరచూ ఒకే మాట అంటారు: "ఎండలు మండిపోతున్నాయి, లైట్‌గా ఏదైనా జిన్ ఇవ్వండి." బార్‌టెండర్‌గా నాకు అన్నిటికన్నా ఇష్టమైన మద్యం జిన్, కాబట్టి ఎవరు అడిగినా సంతోషమే. కానీ ఆ "లైట్‌గా" అన్న నమ్మకం ప్రమాదకరం. అందుకే దానితోనే మొదలుపెడతాను.

అపోహ: జిన్ లైట్ డ్రింక్, వేసవిలో ఒంటికి చలువ.

సీసా మీద లేబుల్ చదవండి. మన దేశంలో తయారయ్యే చాలా జిన్‌లలో ఆల్కహాల్ 42.8 శాతం. పక్కనున్న విస్కీ సీసా మీద కూడా సాధారణంగా అదే అంకె కనిపిస్తుంది. అంటే 60 మి.లీ. లార్జ్ ఏది పోసినా కడుపులోకి వెళ్లేది దాదాపు 26 మి.లీ. ఆల్కహాల్. తేలికగా అనిపించేది వాసన వల్ల, పైన పడే ఐసు, నిమ్మ, సోడా బుడగల వల్ల. ఘాటు తెలియదు కాబట్టి గటగటా దిగిపోతుంది. రెండోది, మూడోది తొందరగా వచ్చేస్తాయి.

చలువ సంగతైతే అసలు నిజమే కాదు. ఆల్కహాల్ వల్ల మూత్రం ఎక్కువవుతుంది. చెమటతో అప్పటికే నీరు పోతున్న ఒంట్లోంచి ఇంకొంచెం పోతుంది. వడదెబ్బ తగిలే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. మే నెలలో ఎండనపడి వచ్చినవాళ్లకు నేను ముందు మంచినీళ్లే ఇస్తాను. ఇంట్లో అయితే మజ్జిగ తాగండి. జిన్ సంగతి పొద్దు గూకాక చూసుకోవచ్చు, అదీ ఏదైనా తింటూ, మధ్యమధ్యలో నీళ్లు తాగుతూ. నిజంగా లైట్‌గా కావాలంటే 30 మి.లీ. పోసుకుని మిగతా గ్లాసు సోడాతో నింపుకోండి.

అపోహ: జిన్ అంటే సెంటు కలిపిన వోడ్కా.

ఇందులో సగం నిజం ఉంది. రెండిటికీ మొదలు ఒకటే, రుచీ వాసనా దాదాపు లేని స్పిరిట్, అంటే గాఢమైన ఆల్కహాల్. తేడా ఆ తర్వాతే. జిన్ అనాలంటే జూనిపర్ అనే పొద కాయల రుచి అన్నిటికన్నా ముందు తెలియాలి. యూరప్ చట్టం అదే చెబుతుంది, ఆల్కహాల్ కనీసం 37.5 శాతం ఉండాలని కూడా అంటుంది. జూనిపర్ తర్వాత జిన్‌లలో ఎక్కువగా కనిపించేవి మన ధనియాలే! వాటితోపాటు నారింజ, నిమ్మ తొక్కలు, అతిమధురం, ఏంజెలికా వేరు, దాల్చినచెక్క లాంటివి పడతాయి.

ఇవన్నీ ఎలా కలిపారన్నది నాకు చాలా ముఖ్యం. బీఫీటర్ అనే జిన్ కోసం వీటిని స్పిరిట్‌లో 24 గంటలు నానబెట్టి, ఆ తర్వాత బట్టీ పెడతారు. జూనిపర్ గట్టిగా తగులుతుంది. బాంబే సఫైర్ అనే మరో జిన్‌కు నానబెట్టరు. దినుసులను బుట్టల్లో ఉంచి, స్పిరిట్ ఆవిరిని వాటి గుండా పోనిస్తారు. అందుకే అది అంత సుతారంగా ఉంటుంది. బట్టీ పెట్టకుండా ఎసెన్స్ కలిపి అమ్మే చవక జిన్‌లు కూడా ఉన్నాయి, సెంటు అనే మాట వాటికి చెల్లుతుంది. కాసిని ధనియాలు అరచేతిలో నలిపి వాసన చూసి, వెంటనే మంచి జిన్ వాసన చూడండి. ఆ నిమ్మ పోలిక ఎక్కడిదో తెలిసిపోతుంది.

అపోహ: జిన్ సీసా మీద "లండన్ డ్రై" అని ఉంటే అది లండన్‌లో చేసినది.

అది తయారీ పద్ధతి పేరు. వాసన, రుచి అంతా బట్టీలోనే రావాలి, తర్వాత రంగు గానీ రుచులు గానీ కలపకూడదు, తీపి దాదాపు ఉండకూడదు. లండన్ డ్రై అని రాసి ఉండే టాంకరే జిన్ తయారయ్యేది స్కాట్లాండ్‌లో. అలాంటిదే గ్రేటర్ దాన్ జిన్, అది మన గోవాది.

అపోహ: జిన్‌లో కలిపే చేదు సోడా, టానిక్ వాటర్, మందులాంటిది, చేదు కాబట్టి చక్కెర ఉండదు.

దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. అప్పట్లో మలేరియాకు మందు క్వినైన్, సింకోనా చెట్టు బెరడు నుంచి తీసేది. టానిక్‌లో ఉన్న చేదు దానిదే. కానీ ఎంత ఉంటుంది? అమెరికాలో లీటరు టానిక్‌లో సుమారు 83 మి.గ్రా. దాటకూడదు. మలేరియా చికిత్సలో పెద్దవాళ్లకు రోజుకు ఇచ్చే మోతాదు సుమారు 1,800 మి.గ్రా. ఆ లెక్కన రోజుకు 20 లీటర్లకు పైగా టానిక్ తాగాలి! జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికే వెళ్లండి. ఇక చక్కెర అంటారా, మామూలు టానిక్‌లు చాలావాటిలో కూల్‌డ్రింక్‌కు కాస్త తక్కువగా, అంతే. షుగర్ ఉన్నవాళ్లు డబ్బా మీద చదవకుండా తాగొద్దు. క్వినైన్ పడనివాళ్లు టానిక్ జోలికే పోవద్దు.

అపోహ: గ్లాసు నిండా ఐసు వేస్తే జిన్ తక్కువ పోసినట్టు, పైగా పలచబడిపోతుంది.

ఈ అనుమానం నాకు చాలా కళ్లలో కనిపిస్తుంది. జిన్ పోసేది కొలతతోనే, ఐసు ఎంత ఉన్నా 60 అంటే 60. రెండే ముక్కలు వేస్తే అవి డ్రింక్‌ను చల్లబరచలేక త్వరగా కరిగిపోతాయి. నిండా వేస్తే గ్లాసు చల్లబడి కరగడం నెమ్మదిస్తుంది. ఇంట్లో వీలైనంత పెద్ద ముక్కలు వాడండి. టానిక్ కూడా ఫ్రిజ్‌లోంచే తీయండి. జిన్‌కు రెండింతలు, రెండున్నర ఇంతలు టానిక్ చాలు.

టానిక్ తగలగానే రంగు మారితే కల్తీ అనుకునేవాళ్లూ ఉన్నారు. నీలం జిన్‌లలో కొన్నిటికి ఆ రంగు శంఖుపూల నుంచే వస్తుంది. పులుపు తగిలితే అది ఊదా, గులాబీ రంగుల్లోకి మారుతుంది. అలాగే కొన్ని జిన్‌లు నీళ్లు కలిస్తే మసకబారతాయి. వాటిలో సుగంధ తైలాలు ఎక్కువ, అంతే.

అపోహ: మంచి జిన్ అంటే ఫారిన్ సీసాయే.

పదేళ్ల క్రితమైతే నేనూ వాదించేవాణ్ణి కాదు. 2017లో గ్రేటర్ దాన్ వచ్చాక పరిస్థితి మారింది. టానిక్‌తో తాగడానికి, మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది అదే. స్ట్రేంజర్ అండ్ సన్స్ కూడా గోవాదే. అందులో మిరియాలు, జాపత్రి, జాజికాయ, రకరకాల నిమ్మజాతి తొక్కలు ఉంటాయి. కారంగా ఏదైనా తింటున్నప్పుడు దానికి మించినది నాకు కనబడలేదు. నల్గొండ బత్తాయి తొక్క ఒక పొర చెక్కి గ్లాసు మీద పిండి చూడండి. మరో దేశీ జిన్ హపూసాలో హిమాలయాల జూనిపర్, పసుపు, మామిడి ఉన్నాయి. దాన్ని టానిక్‌తో పాడుచేయొద్దు, సోడా లేదా ఒక్క పెద్ద ఐసు ముక్క చాలు.

బయటి దేశాలవాటిలో వేసవికి నా ఎంపికలు రెండు. స్కాట్లాండ్ హెండ్రిక్స్‌లో గులాబీ, కీరదోస వాసన ఉంటుంది, దానిలో నిమ్మకాయ పిండకుండా కీరదోస చెక్కలే వేయండి. జపాన్ రోకూలో యూజు అనే నిమ్మజాతి పండు, చెర్రీ పువ్వు, గ్రీన్ టీ ఉన్నాయి. ముంజల కాలంలో రెండు లేత ముంజలు చిదిపి, 30 మి.లీ. రోకూ, నాలుగు చుక్కల నిమ్మరసం, మిగతాది సోడా. ముంజల్లో ఉన్న తీపి సరిపోతుంది, చక్కెర వేయకండి.